మూడు రోజుల జ్వరానికి సర్టిఫికెట్టా?

జ్వరం వచ్చినవాడికి ముందు కావలసింది మంచం, కాస్త గంజి, పక్కన ఒక మనిషి. ఇప్పుడు మా జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ జ్వరమొచ్చిన కుర్రాడు ముందు వెతుక్కుంటున్నది ఎంబీబీఎస్ డాక్టరు సంతకం. ఒళ్లు కాలిపోతుంటే ఎవరిదో బండి వెనక కూర్చుని పోవాలి. క్లినిక్ బెంచీ మీద వంతు కోసం కాచుకోవాలి. రిజిస్ట్రేషన్ నంబరు స్పష్టంగా కనపడేలా ముద్ర వేయించుకోవాలి. ఆ కాయితాన్ని ఫోనులో ఫోటో తీసి పంపితేగాని వాడికి జబ్బు చేసినట్టు కంపెనీ ఒప్పుకోదు. జబ్బు ముదిరినా ఫర్వాలేదు గానీ కాయితం ఆలస్యం కాకూడదు. ఈ పద్ధతి నాకు మింగుడుపడటం లేదు. సర్వీసంతా సెలవు చీటీల మధ్యే గడిపినవాణ్ణి కాబట్టి దీని గురించి మాట్లాడే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

నేను జగ్గయ్యపేట పక్కన ఒక సిమెంటు ఫ్యాక్టరీ టైమాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఏ ఫ్యాక్టరీ అన్నది ఇక్కడ అనవసరం. 2022 ఏప్రిల్ నుంచి మా ఊళ్లు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి గానీ, మా వయసు వాళ్లకు ఇది ఇంకా కృష్ణా జిల్లా మెట్టే. ఈ మెట్టలో నీళ్లకు కరువుండొచ్చు, సున్నపురాయికి లేదు. అందుకే జయంతిపురం, వేదాద్రి, బూదవాడ, ముక్త్యాల చుట్టూ సిమెంటు చిమ్నీలు లేచాయి. మిరప, పత్తి చేలల్లో పనిచేసే కుటుంబాల నుంచి ఒక్కొక్కడు ఫ్యాక్టరీ గేటు దాటాడు. పొలంలో జ్వరమొస్తే గట్టు మీద పడుకునే అలవాటున్న మనిషికి, ఫ్యాక్టరీలో జ్వరమొస్తే ఎవరికో చెప్పాలని మేమే నేర్పాం.

టైమాఫీసంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. గేటు లోపల కుడిచేతి పక్కన చిన్న గది. గోడకు పంచింగు గడియారం, దాని పక్కన చెక్క అరల్లో వరసగా పంచ్ కార్డులు. నా బల్ల మీద మస్టరు, ఒక్కో మనిషికి ఒక్కో అట్ట కార్డు. ఎర్ర సిరాతో గీసిన గళ్లలో క్యాజువల్ లీవులు, సిక్ లీవులు, నాగాలు. నాగా పెడితే ఆ రోజు కూలి పోతుంది, అంతే. సిక్ అని పడితే కూలి నిలబడుతుంది. ఆ రెండు గళ్ల మధ్య తేడా ఒక ఇంట్లో నెలాఖరు బియ్యం. ఏ గడిలో గీత గీయాలో తేల్చేది ముందు షిఫ్టు ఇన్‌ఛార్జి, తర్వాత నేను.

మా రోజుల్లో సిక్ చీటీ సైకిలు మీద వచ్చేది. తండ్రికి జ్వరమొస్తే కొడుకు బడికి పోతూ పోతూ గేటు దగ్గర దిగేవాడు. నోటుబుక్కులోంచి చించిన కాయితం, దాని మీద "గౌరవనీయులైన టైమాఫీసు వారి సముఖమునకు, నాకు రాత్రి నుండి చలిజ్వరముగా యున్నందున" అంటూ ఎనిమిదో తరగతి కుర్రాడి గుండ్రటి రాత, కింద తండ్రి వేలిముద్రో, వంకర సంతకమో. ఆ చీటీని షిఫ్టు ఇన్‌ఛార్జికి చూపిస్తే ఆయన చదివేవాడు కాదు. కుర్రాణ్ణి దగ్గరకు పిలిచి, "ఏరా, మీ నాన్నకి ఎట్టా ఉంది? అన్నం తింటున్నాడా? మందు ఎవరి దగ్గర తెచ్చారు?" అని అడిగేవాడు. ఆ పిల్లాడి మొహం చూస్తే తెలిసిపోయేది. "రాత్రంతా వణికాడండీ, అమ్మ నిద్రపోలేదు" అంటే అదే మాకు సర్టిఫికెట్టు. ఆయన నా వైపు తిరిగి "సిక్ వెయ్యవయ్యా" అనేవాడు. నేను వేసేవాణ్ణి.

కాయితాలు అసలు అడగలేదని నేననడం లేదు. మూడు రోజులు దాటితే డాక్టరు సర్టిఫికెట్టు తేవాలని రూలుండేది. తిరిగి డ్యూటీలో చేరేటప్పుడు ఫిట్‌నెస్ కావాలి. కిల్న్ దగ్గర, క్రషర్ దగ్గర పనిచేసేవాడు నీరసంగా వచ్చి తూలిపడితే ప్రాణం పోతుంది. అక్కడ ఫిట్‌నెస్ అడగటం న్యాయం. ఆ కాయితం మనిషిని కాపాడటానికి అడిగేది. మొదటి రోజు జ్వరానికే అడిగే కాయితం మాత్రం మనిషి అబద్ధమాడుతున్నాడేమోనన్న అనుమానంతో అడిగేది. ఈ తేడా తెలిసిన ఆఫీసర్ల దగ్గర పనిచేశాను.

చట్టమూ ఆ తేడాను కొంత గుర్తించింది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 79వ సెక్షన్ ఉండేది. ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు. ఆ సెలవుకు ముందుగా అర్జీ పెట్టుకోవాలి. అయితే జబ్బు కోసం వాడుకునేవాడు ముందుగా అర్జీ పెట్టలేకపోయినా సెలవు ఇచ్చి తీరాలని అందులోనే రాశారు. జ్వరం పదిహేను రోజుల ముందు నోటీసిచ్చి రాదు కదా. దాన్ని రాసిన వాళ్లకు ఆ ఇంగితం ఉంది. ఇంకోపక్క మోడల్ స్టాండింగ్ ఆర్డర్లు కఠినమైనవి. సెలవు అయిపోయిన ఎనిమిది రోజుల్లోపు తిరిగొచ్చి కారణం చెప్పుకోకపోతే ఉద్యోగం మీద హక్కు పోతుంది. చెప్పకుండా పది రోజులు మించి రాకపోతే అది దుష్ప్రవర్తన కింద లెక్క. ఆ రూళ్ల పుస్తకం మా ఆఫీసులోనూ ఉండేది. కానీ ఎనిమిదో రోజు దగ్గరపడుతుంటే మా పర్సనల్ ఆఫీసరు మెమో టైపు చేయించే ముందు ఒక మనిషిని ఊరికి పంపేవాడు. "పొయ్యి చూసిరా, బతికున్నాడో లేదో" అనేవాడు. ఎన్నో ఉద్యోగాలు ఆ ఒక్క పలకరింపుతో నిలబడ్డాయి.

ఒకసారి వత్సవాయి వైపు నుంచి వచ్చే ప్యాకింగ్ సెక్షన్ మనిషి వారం దాటినా రాలేదు. చీటీ లేదు, కబురు లేదు. చూసిరమ్మంటే నేనే వెళ్లాను. వసారాలో నులకమంచం మీద పడున్నాడు, కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. కామెర్లు. పక్క ఊళ్లో ఆకుపసరు పోసేవాడి దగ్గరకు మూడు ఆదివారాలు పోవాలట, ఉప్పూ కారం మానేసి మజ్జిగన్నం తింటున్నాడు. డాక్టరు దగ్గరకు పోలేదా అంటే, వాళ్లమ్మ అడ్డుపడింది. కామెర్లకు ఇంగ్లీషు మందు పనిచేయదని మా ప్రాంతంలో అందరి నమ్మకం. పసరు పోసేవాడు మందిస్తాడు గానీ సర్టిఫికెట్టు ఇవ్వడు. మరి ఇతగాడు జబ్బు మనిషి కాదా? మా ఆఫీసరు నా మాట విని, నా చేతే ఒక రిపోర్టు రాయించుకుని దాన్నే ఫైల్లో పెట్టాడు. తర్వాత పేటలో డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించి, చేరే ముందు ఫిట్‌నెస్ తెప్పించాం. ఇవాళ అదే మనిషి అయితే? గేటు దగ్గర వేలు పెట్టగానే మిషను ఎర్రలైటు చూపిస్తుంది. "సార్, మీ పేరు సిస్టంలో లేదు" అంటాడు సెక్యూరిటీ.

దొంగ సిక్కులు ఉండేవి కావా అని ఎవరైనా అడగొచ్చు. ఉండేవి, ఎందుకు లేవు. మిరపకోతల కాలంలో సగం సెక్షనుకు నడుం నొప్పి వచ్చేది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లు మాఘ పౌర్ణమికి మొదలైతే చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ విరేచనాలు పట్టుకునేవి. ఎన్నికలప్పుడు చెప్పనక్కర్లేదు. అయినా మాకు అందరూ తెలుసు. ఎవడి జ్వరం నిజమో, ఎవడి జ్వరం తిరునాళ్ల జ్వరమో మొహం చూస్తే తెలిసేది. షిఫ్టు ఇన్‌ఛార్జి తిరునాళ్లకు పది రోజుల ముందే కూర్చుని, ఎవరికి ఏ రోజు వీక్లీ ఆఫ్ మార్చాలో, ఎవరు ఎవరికి బదులు రావాలో ఒప్పందం చేసేవాడు. "అమ్మవారి దగ్గరకు పోతానంటే పంపిస్తాను గదరా, నాకెందుకు అబద్ధం చెప్తావ్" అనేవాడు. అబద్ధమాడాల్సిన అవసరం తీసేస్తే అబద్ధాలు వాటంతటవే తగ్గాయి. అందుకు ఆయన ఏ సాఫ్ట్‌వేరూ కొనలేదు.

ఇప్పటి సంగతికి వస్తాను. మా మెట్ట పల్లెల్లో జ్వరమొస్తే మొదట చూసేది ఆర్ఎంపీ. అర్ధరాత్రి తలుపు కొట్టినా వస్తాడు, ఇంజెక్షన్ చేస్తాడు, అవసరమైతే ఇంటి దూలానికి సెలైన్ సీసా కట్టి పోతాడు. డబ్బులు పంట మీద ఇచ్చినా పుచ్చుకుంటాడు. అతని వైద్యం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. దాని మీద నాకూ అభ్యంతరాలున్నాయి. కానీ ఊళ్లో రాత్రిపూట దొరికే వైద్యం అదే. అతని చీటీ ఏ కంపెనీలోనూ చెల్లదు. కాబట్టి మనిషి వైద్యం ఒకచోట చేయించుకుని, కాయితం ఇంకోచోట కొనుక్కుంటున్నాడు. జ్వరం తగ్గాక, నడవగలిగాక, నందిగామ వచ్చి ఫీజు కట్టి "మొన్న మూడు రోజులు జ్వరమండీ" అంటే, ఆ డాక్టరు ఏం చూసి రాయాలి? ఒళ్లు చల్లగా ఉంది, నాడి బాగుంది. రాయకపోతే వీడి కూలి పోతుంది, రాస్తే తను చూడని జబ్బుకు సంతకం పెట్టినట్టు. ఇద్దరు మంచివాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి అబద్ధమాడిస్తున్న రూలు ఇది.

డాక్టర్లకు ఈ తలనొప్పి చిన్నది కాదు. 2002లో మెడికల్ కౌన్సిల్ తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి డాక్టరూ సర్టిఫికెట్లకు ఒక రిజిస్టరు పెట్టాలి. పుచ్చుకున్నవాడి సంతకమో వేలిముద్రో, చిరునామా, కనీసం ఒక పుట్టుమచ్చ వివరం రాసుకోవాలి, నకలు దాచాలి. అబద్ధపు సర్టిఫికెట్టు ఇస్తే పేరు రిజిస్టరు నుంచి కొట్టేయొచ్చు. పాతకాలం డాక్టర్లు ఈ నిబంధనలు రాకముందే అట్లా చేసేవాళ్లు. నందిగామలో ఒక పెద్ద డాక్టరు గారు ఉండేవారు, ఇప్పుడు లేరు. మా ఫ్యాక్టరీ మనిషి ఎవరైనా వెళ్తే నాలుక చాపించి, కనురెప్ప లాగి, పొట్ట నొక్కి చూసి, "మూడు రోజులు చాలు, ఐదు అడగొద్దు" అని మొహాన్నే చెప్పేవారు. ఆయన రాసిన కాయితం మీద నేనెప్పుడూ అనుమానపడలేదు. ఇప్పుడు కొన్నిచోట్ల కాంపౌండరే అచ్చు కాయితం నింపుతున్నాడు, తేదీల దగ్గర ఖాళీ వదిలి "మీరే వేసుకోండి" అంటున్నాడు. కరోనా తర్వాత ఫోనులోనే మాట్లాడి సర్టిఫికెట్టు పంపేవాళ్లూ వచ్చారు. డబ్బు కట్టు, రెండు నిమిషాలు మాట్లాడు, కాయితం వాట్సాప్‌లో పడుతుంది. కంపెనీ సిస్టం దాన్ని కళ్లకద్దుకుంటుంది. కొడుకు చేతికిచ్చి పంపిన నిజమైన చీటీని మాత్రం తోసేస్తుంది. మనిషిని నమ్మడం మానేసి కాయితాన్ని నమ్మడం మొదలుపెడితే జరిగేది ఇదే.

2024 ఆగస్టు నెలాఖరు వానలు ఎవరూ మర్చిపోలేదు. మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాదు హైవే మీదకు నీళ్లెక్కి, బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. నీళ్లు తీశాక ఇంటింటా జ్వరాలు. మా వీధి చివర ఒక కుర్రాడున్నాడు, ఒక కాంట్రాక్టరు కింద లోడింగ్ పని. ఇల్లు కడుక్కుంటూనే పడిపోయాడు, నాలుగు రోజులు లేవలేదు. ఆర్ఎంపీ సెలైన్ పెట్టాడు. లేచి పనికి పోతే సూపర్‌వైజరు సర్టిఫికెట్టు అడిగాడు. వరదలో ఊరంతా మునిగిన సంగతి ఆ సూపర్‌వైజరుకు తెలియదా? ఆయన ఇంట్లోకీ నీళ్లొచ్చాయి! "నేనేం చేసేది బాబాయ్, పైనుంచి వాళ్లు ఫోటో అడుగుతున్నారు" అన్నాడట. కుర్రాడు ఒక పూట కూలి పోగొట్టుకుని, డాక్టరు ఫీజు కట్టి, కాయితం తెచ్చాడు. ఇంతా చేస్తే వాడికి సిక్ లీవు అనేది అసలు లేదు. పోయిన నాలుగు రోజుల కూలి ఎట్లాగూ రాదు. జీతం ఇవ్వని రోజులకు కూడా రుజువు అడగటం నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

పర్మనెంటు మనుషులు తగ్గి కాంట్రాక్టు మనుషులు పెరిగాక వచ్చిన మార్పు ఇది. ఫ్యాక్టరీకి మనిషి తెలియదు, కాంట్రాక్టరుకు తెలుసు. కాంట్రాక్టరుకూ తెలియదు, సూపర్‌వైజరుకు తెలుసు. సూపర్‌వైజరుకు తెలుసు గానీ అతని మాటకు విలువ లేదు. మనిషి మొహం తెలిసినవాడి చేతిలో నిర్ణయం లేదు, నిర్ణయం ఉన్నవాడు హైదరాబాదులోనో చెన్నైలోనో కూర్చుని తెర మీద పేర్లు చూస్తున్నాడు. నేను బల్ల మీద ఉంచుకున్న అట్ట కార్డు పక్కన ఆ మనిషి పిల్లల పేర్లు, తల్లి ఆరోగ్యం, ఊరిలో పొలం తగాదా, అన్నీ నా బుర్రలో ఉండేవి. అవి ఏ ఫారంలోనూ లేవు, కానీ సెలవు మంజూరు చేసేది వాటిని బట్టే.

ఈఎస్ఐ ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. ఇరవై ఒక్క వేల లోపు జీతగాళ్లకు 2017 నుంచి వర్తిస్తోంది. జబ్బు చేస్తే కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. జబ్బు భృతి తీసుకుంటున్న మనిషిని ఆ రోజుల్లో ఉద్యోగం నుంచి తీసేయకూడదని 1948 ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్‌లో గట్టిగానే రాశారు. ఎంతోమంది ఇళ్లలో పొయ్యి వెలిగించిన చట్టం అది, నేను చెయ్యెత్తి మొక్కుతాను. అయితే మొదటి రెండు రోజులు వెయిటింగ్ పీరియడ్ కింద పోతాయి. పెద్ద జబ్బయితే పేట నుంచి డెబ్బై కిలోమీటర్లు దాటి విజయవాడ గుణదల ఈఎస్ఐ ఆసుపత్రికి పోవాలి. మా ప్రాంతంలో మనిషికి తరచుగా వచ్చేది ఆ రెండు మూడు రోజుల జ్వరమే. సరిగ్గా దానికే ఎక్కడా దిక్కు లేదు.

సర్కారు ఉద్యోగులది ఇంకో దారి. మా ఆవిడ నందిగామ మండలంలో టీచరుగా చేసింది కాబట్టి ఆ రూళ్లూ నాకు కంఠస్థమే. ఏడాదికి పదిహేను క్యాజువల్ లీవులు, వాటికి డాక్టరు కాయితం అక్కర్లేదు. ఏడాదికి ఇరవై హాఫ్ పే లీవులు జమవుతాయి. డాక్టరు సర్టిఫికెట్టు పెట్టి వాటిని కమ్యూట్ చేసుకుంటే పూర్తి జీతం వస్తుంది. కానీ ఒక్క రోజు వాడుకుంటే ఖాతాలో రెండు రోజులు తగ్గుతాయి, సర్వీసు మొత్తం మీద 240 రోజులకు మించకూడదు. తిరిగి చేరేటప్పుడు ఫిట్‌నెస్ లేకుండా చేర్చుకోరు, ఫండమెంటల్ రూల్ 71 ఆ సంగతే చెబుతుంది. పద్ధతైన రూళ్లివి. చిన్న జ్వరానికి మనిషి మాట, పెద్ద జబ్బుకు డాక్టరు మాట. ఏ తెలివిగలవాళ్లు ఆలోచించి పెట్టారో గానీ, ఆ గీత సరైన చోటే గీశారు.

టీచర్ల మీద ఇప్పుడు పడిన భారం వేరు. 2022 ఆగస్టులో బళ్లల్లో ఫోనులో మొహం చూపించి హాజరు వేసే పద్ధతి వచ్చింది. తొమ్మిది కొట్టేసరికి ఫోటో దిగాలి. టీచర్లు గోల పెట్టారు, సంఘాలు అడ్డం తిరిగాయి, తర్వాత నెలల్లో మిగతా ఆఫీసులకూ అదే వచ్చింది. సెలవు కూడా యాప్‌లోనే పెట్టాలి. మా కోడలు టీచరే. ఒకరోజు తెల్లవారుజామున వాంతులతో లేచింది. మా వాడు ఆమె తల పట్టుకున్నాడు, ఆమె ఒక చేత్తో ఫోను పట్టుకుని సెలవు పెట్టడానికి ప్రయత్నిస్తోంది. సిగ్నలు లేదు. వాంతి చేసుకుంటున్న మనిషి సిగ్నలు కోసం డాబా మెట్లెక్కుతుంటే నాకు నోటమాట రాలేదు. మా ఆవిడ రోజుల్లో హెడ్మాస్టరు గారి ఇంటికి పిల్లవాణ్ణి పంపి "టీచరమ్మకు ఒంట్లో బాగోలేదండీ" అని చెప్పిస్తే సరిపోయేది. ఆయన సాయంత్రం బడి అయ్యాక ఇంటిమీదుగా పోతూ పలకరించి, సెలవు అర్జీ మీద సంతకం ఆయనే చేయించుకునేవాడు.

కరోనా కాలం ఒకటి మాత్రం నేర్పాలి మనకు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర మనుషుల్ని ఆపి, నుదుటికి మిషను పెట్టి, ఒళ్లు వెచ్చగా ఉంటే పక్కకు నిలబెట్టిన రోజులవి. అప్పుడు కంపెనీలన్నీ ఏమన్నాయి? "జలుబున్నా రావద్దు, ఇంట్లోనే ఉండండి" అన్నాయి. కాస్త దగ్గితే చాలు, ఎవరూ సర్టిఫికెట్టు అడగకుండానే పంపేశారు. అంటే మనిషి మాట నమ్మడం సాధ్యమే. వాళ్లకు భయమేసినప్పుడు సాధ్యమైంది. ఆ భయం పోగానే మళ్లీ పాత అనుమానం మొదలైంది. జ్వరంతో ఉన్నవాణ్ణి షిఫ్టుకు రప్పిస్తే క్యాంటీన్ బల్ల మీద పదిమందికి అంటుతుందన్న సంగతి ఇంత త్వరగా ఎట్లా మర్చిపోయారో నాకు అర్థం కాదు.

బయటి దేశాల వాళ్లు ఈ లెక్క మనకంటే ముందే చూసుకున్నారు. బ్రిటన్‌లో వారం రోజుల లోపు జబ్బుకు డాక్టరు కాయితం అక్కర్లేదు, ఉద్యోగి తనకు తానే రాసి ఇస్తే చాలు. ఆ పద్ధతి 1982 నుంచీ ఉంది. మా పెద్ద మనవరాలు కెనడాలో ఒంటారియోలో ఉంటుంది. అక్కడ 2024 అక్టోబరు 28 నుంచి, చట్టం ఇచ్చే మూడు రోజుల జబ్బు సెలవుకు డాక్టరు చీటీ అడగడమే నేరం. ఆ మూడు రోజులకూ జీతం ఉండదు, అదొక లోటే. కానీ చీటీ మాత్రం అడగకూడదు. డాక్టర్ల సమయం రోగుల మీద పెట్టాలి గానీ కాయితాల మీద కాదని అక్కడి డాక్టర్లే చాన్నాళ్లు మొత్తుకున్నారట. మన నందిగామ డాక్టర్లు కూడా ఆ మాటే అంటున్నారు, వినేవాళ్లు లేరు.

కేంద్రం 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లో పెట్టింది. జీతంతో సెలవు రావాలంటే ఏడాదిలో 240 రోజులు పనిచేయాలన్న పాత నిబంధన 180కి దిగింది. నలభై దాటినవాళ్లకు ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలన్నారు. రెండూ మంచివే. రెండు రోజుల జ్వరానికి మనిషి మాట చాలన్న వాక్యం మాత్రం నేను చదివినంతలో కనపడలేదు.

యాజమాన్యాల కష్టం నాకు తెలియనిది కాదు. కిల్న్ ఒకసారి వెలిగిస్తే ఆర్పడానికి లేదు. రాత్రి షిఫ్టుకు ఒకడు రాకపోతే అప్పటికే ఎనిమిది గంటలు చేసినవాడు ఇంకో ఎనిమిది గంటలు నిలబడాలి. దొంగ సిక్కు పెట్టినవాడు మోసం చేసేది కంపెనీని కాదు, పక్కనున్న తన జతగాణ్ణి. నేను అటువంటివాళ్లను గేటు దగ్గరే నిలేసి అడిగాను, కార్డులో ఎర్రగీత పెట్టాను. అదే పనిగా సోమవారం సోమవారం మానేసేవాడికి కాయితం అడగండి, నేనొద్దనను. కానీ ఒకడి కోసం వందమందిని దొంగల వరసలో నిలబెట్టకండి. మూడు రోజుల దాకా మనిషి మాట తీసుకోండి. మూడు దాటితే సర్టిఫికెట్టు అడగండి, ఆ డాక్టరు ఫీజు మీరే కట్టండి. వారం దాటితే ఒక మనిషిని ఇంటికి పంపండి. గనిలో, కిల్న్ దగ్గర చేసేవాడు చేరేటప్పుడు ఫిట్‌నెస్ చూడండి. మా ఫ్యాక్టరీ ఈ పద్ధతుల మీదే నడిచింది. ఒక్క డాక్టరు ఫీజు మాత్రం అప్పుడూ ఎవరూ ఇవ్వలేదు, అది నేను ఇప్పుడు కలుపుతున్నాను.

ఫ్యాక్టరీల వాళ్లకన్నా దిక్కులేనివాళ్లు కొట్లల్లో పనిచేసేవాళ్లు. పేట మెయిన్ బజారులో, నందిగామ గాంధీ సెంటరు చుట్టూ బట్టల కొట్లల్లో, మందుల షాపుల్లో, సెల్‌ఫోను కొట్లల్లో పొద్దుట తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఆడపిల్లలను చూడండి. ఒక్కరోజు రాకపోతే కూలి కోత. రెండు రోజులు రాకపోతే ఇంకో అమ్మాయిని పెట్టుకుంటారు. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టంలో జబ్బు చేస్తే ఏడాదికి పన్నెండు రోజుల దాకా జీతంతో సెలవు ఉంది, దానికి తోడు పన్నెండు క్యాజువల్ లీవులు కూడా ఉన్నాయి. ఆ పిల్లలకు ఈ మాట చెప్పినవాడు లేడు. ఒకమ్మాయికి నేను చెబితే, "నిజమా తాతగారూ, మాకు కూడానా?" అంది.

ఆమె పనిచేసే కొట్టు యజమాని నాకు తెలిసినవాడే, వాళ్ల నాన్న నేనూ ఒకే బళ్లో చదువుకున్నాం. చట్టం సంగతి తెలుగులో ఒక కాయితం మీద రాసి తీసుకెళ్లి ఇచ్చాను, గల్లాపెట్టె వెనక గోడకు అంటించమన్నాను. "మా ఆడిటరు గారిని అడిగి చెప్తాను బాబాయ్" అన్నాడు. దసరా దాటింది, కాయితం ఇంకా గోడ మీదకు రాలేదు. సంక్రాంతి బేరాలు మొదలవకముందే మళ్లీ వెళ్తాను. ఈసారి ఇంకో కాపీ కూడా పట్టుకెళ్లి, వాళ్ల ఆడిటరు గారికే ఇచ్చొస్తాను.